మాస్టారి ప్రాసెసర్

కుట్టు దుకాణం, మేడ మీది గది
సోమవారం, కంప్యూటర్ తెరుచుకునేలోగా

మా ఆడపడుచు గారికి,

నీ మీద కోపం ఇంకా అలాగే ఉంది కాబట్టి కుశలప్రశ్నలు వేయడం లేదు. నువ్వు బాగానే ఉండి ఉంటావు. మేమూ ఉన్నాం.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని ముక్కున వేలేసుకోకు. ఫోన్ చేస్తే మీ అన్నయ్య బల్లకి అవతలే ఉంటారు. నీ ఊసెత్తితే చాలు, కుట్టు మిషన్ జోరు పెంచి నా మాట నాకే వినపడకుండా చేస్తారు. నువ్వా, పనిచేసేచోట పగలంతా ఫోన్ గేటు దగ్గరే అప్పజెప్పాలి. ఉత్తరమైతే ఏ గొడవా లేదు. తీరికకైతే లోటే లేదు. పొద్దున్నే కంప్యూటర్ మీట నొక్కి, సేనాపతి కోటు నమూనా తెరవమని చెప్పి ఈ కాగితం తీశాను. అది తెరుచుకునేలోగా నీకు అక్షింతలు వేయడం కూడా పూర్తవుతుంది.

కంప్యూటర్ కొనమన్నది నువ్వే. "నమూనా ఒక్కసారి మిషన్లో గీస్తే లావుకీ సన్నానికీ అదే మార్చుకుంటుంది అన్నయ్యా" అని ఊరించావు. కొన్నారు. నాటక కంపెనీ వాళ్లు కొత్త నాటకానికి ఒక యుద్ధానికి సరిపడా బట్టలు కుట్టమన్నారు. రాజులు, సేనాపతులు, సైన్యం, చచ్చిపోయేవాళ్లకి వేరుగా. అవన్నీ ఎక్కించేసరికి కంప్యూటర్ నీరసించింది. మీ అన్నయ్య వెళ్లి ఉన్నవాటిలోకెల్లా గొప్ప ప్రాసెసర్ తెచ్చి పెట్టించారు. నువ్వు చూడ్డానికి వచ్చి, పెట్టెలోకి తొంగి చూసి, నాటకం మేనేజర్ ముందు "ఇది దండగ" అన్నావు.

అంతే. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో 'టేపు' అన్న పిలుపు లేదు. చిన్నప్పుడు ఆయన టేపు మెళ్లో వేసుకుని తలుపులకీ పిల్లులకీ కొలతలు తీశావని ఆయనే పెట్టుకున్న ముద్దుపేరు కదా అది. ఇప్పుడు నువ్వు 'ఆ ఇంజనీరు గారు'.

కొత్త ప్రాసెసర్ పెట్టినా కంప్యూటర్ నత్తనడకే. కంపెనీ వాళ్లు ఊళ్లు తిరగడానికి బయల్దేరేలోగా బట్టలు అందకపోతే దుకాణానికి తాళం వేసి, యూనిఫారాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరతానంటున్నారు. అక్కడ కత్తెర పట్టక్కర్లేదట, నిలబడి చూస్తే చాలట. చేతిలో కత్తెర లేకుండా ఆ మనిషి ఎలా ఉంటారో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

నీకు రెండు పనులు చెబుతున్నాను. కంప్యూటర్ ఎందుకిలా అయిందో నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పు. రెండోది, 'నువ్వు కొన్నది మంచిదే అన్నయ్యా' అని ఒక్క ముక్క రాయి. ఆయనకి కావలసింది అదే. నేను రాశానని మాత్రం తెలియకూడదు.

కోపం తగ్గని
వదిన

తా.క. నమూనా సగం తెరుచుకుంది. ఒక చెయ్యి కనపడుతోంది.


మిషన్ల హాలు పక్కన భోజనాల గది
గురువారం

వదినా,

నీ కోపం అందింది. మడత నలగకుండా వచ్చింది.

ముందు రెండో పని సంగతి. రాయలేను. ఈ కంప్యూటర్ల హాలులో నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది ఒక్కటే, ఏ ప్రోగ్రాము ఎందుకు నెమ్మదిగా నడుస్తోందో కొలిచి చెప్పడం. కొలవనిదాన్ని ఒకసారి మంచిదంటే, రేపు కొలిచి చెప్పినదానికి కూడా విలువుండదు. టేపు పట్టకుండా చొక్కా సరిపోతుందని అన్నయ్య ఎవరికైనా చెప్పాడా? ఆ పద్ధతి నాకు నేర్పిందే అన్నయ్య. ఇప్పుడు తనే అలిగి కూర్చుంటే నేనేం చెయ్యను.

ఇక మొదటి పని. ప్రాసెసర్ అంటే అన్నయ్య చెయ్యి, అందులో కత్తెర. పనంతా చేసేది అదే. మెమరీ అంటే కత్తిరింపు బల్ల. ఇప్పుడు కొయ్యాల్సిన గుడ్డ దాని మీద పరిచి ఉంటేనే కత్తెరకి అందుతుంది. హార్డ్ డిస్క్ అంటే అటక. తానులన్నీ అక్కడుంటాయి, దుకాణం మూసినా అక్కడే ఉంటాయి. బల్ల అలా కాదు. మీట ఆర్పితే దాని మీద ఉన్నదంతా పోతుంది, సాయంత్రం నువ్వు ఊడ్చేసినట్టు.

అన్నయ్య గుండుసూదులు ఎక్కడ పెట్టుకుంటాడు? పెదవుల మధ్య. పట్టేవి కొన్నే, కానీ చెయ్యి చాపక్కర్లేదు. ప్రాసెసర్‌కీ అలాంటి చోటొకటి దాని కడుపులోనే ఉంటుంది. క్యాష్ అంటారు. మాటిమాటికీ కావలసినవి అక్కడ పెట్టుకుంటుంది. దాన్ని మనం పెంచలేం, తగ్గించలేం. నోట్లో సూదులున్నప్పుడు అన్నయ్యని ఎవరూ పలకరించనట్టే, దాని జోలికీ పోవద్దు.

మీ జబ్బు బల్లది. చిన్న బల్ల మీద మీరు రాజునీ సేనాపతినీ సైన్యాన్నీ ఒకేసారి పరుస్తున్నారు. చోటు చాలక ఒక గుడ్డ మడిచి అటక ఎక్కించాలి, ఇంకోటి దించాలి. అది కోశాక మళ్లీ ఇది దించాలి. ఎక్కడం దిగడంతోనే పొద్దు గడిచిపోతుంది. చెయ్యి ఎంత చురుకైనదైనా నిచ్చెన కింద నిలబడి ఎదురుచూడాల్సిందే. నేను ఆ రోజు చెప్పబోయింది ఇదే. 'దండగ' దగ్గరే ఆగిపోయింది.

నమ్మకం కుదరకపోతే పని చేసేటప్పుడు పెట్టె ముందున్న చిన్న దీపం చూడు. ఆగకుండా కొట్టుకుంటూ, లోపల ఏదో గీకుతున్న చప్పుడు వస్తుంటే అదే అటక ఎక్కిదిగడం.

నీ
మరదలు


కుట్టు దుకాణం, మేడ మీది గది
బుధవారం, రాజు గారి పైజామా తెరుచుకునేలోగా

మొండి మరదలికి,

దీపానికి ఒక్క క్షణం కుదురు లేదు. చప్పుడైతే, చెక్కపెట్టెలో ఎలుక చేరినట్టుంది. బల్ల, అటక అంతా అర్థమైంది. ఇది అమ్మినవాడు వారం రోజులు చెప్పినా నాకు బుర్ర ఊపడం తప్ప ఏమీ రాలేదు.

నిన్న మేనేజర్ వచ్చాడు. రాజు వేషం వేసేవాడికి ఈ మధ్య బొజ్జ వచ్చిందట, నడుము పెంచాలట. "యుద్ధంలో ఓడిపోయే రాజుకి అంత బొజ్జ ఏమిటండీ?" అని మీ అన్నయ్య అడిగారు. "ఓడిపోయేది అందుకే మాస్టారూ" అన్నాడు మేనేజర్. ఇద్దరూ నవ్వలేదు. రాజు నడుము పెరిగితే పైజామా, దట్టీ, కవచం అన్నీ మళ్లీ తెరవాలి. నేను పొద్దున మొదలుపెట్టాను. ఇప్పుడు పప్పు ఉడికిపోయింది, పైజామా ఉడకలేదు.

మీ అన్నయ్య అలిగినప్పుడు చేసేదే చేస్తున్నారు. మిగిలిన ముక్కలతో కంటికి కనపడిన ప్రతిదానికీ తొడుగు కుడుతున్నారు. టీవీ రిమోట్‌కి జేబు అయింది, గొడుగుకి రెండో చొక్కా అయింది, బరువు చూసుకునే కాటాకి మొన్న అంచు పట్టీతో సహా అయింది. నేను ఎక్కువసేపు ఒక్కచోట కూర్చోవడం లేదు.

మీ హాలులో చలి ఎలా ఉంది? నువ్వు వెళ్లేటప్పుడు ఆయన కుట్టిచ్చిన దూది కోటు వేసుకుంటున్నావా? ఆయన అడగరు కాబట్టి నేను అడుగుతున్నాను.

బల్ల పెద్దది చేసే మార్గం చెప్పు.

వదిన


మిషన్ల హాలు పక్కన భోజనాల గది
శనివారం

వదినా,

దీంతో పాటు చిన్న పార్శిల్ వస్తుంది. అందులో రెండు మెమరీ పట్టీలున్నాయి, దువ్వెనల్లా ఉంటాయి. ఏ రకం పడుతుందో ఆ రోజు పెట్టెలోకి తొంగి చూసినప్పుడే చూసుకున్నాను. అన్నయ్య మొహం మాడ్చుకుని ఉంటే నేను చూడగలిగింది పెట్టెలోకే.

పెట్టడం కష్టమేమీ కాదు. కరెంటు తీగ పూర్తిగా పీకెయ్. మీవి రోజంతా ఉన్నీ సిల్కూ తడిమే చేతులు, వాటిల్లో కంటికి కనపడని కరెంటు ఉంటుంది. అది తగిలితే పట్టీ పాడవుతుంది. అందుకని ముందు ఇనప బల్ల కాలు ఒకసారి గట్టిగా పట్టుకో. పాత పట్టీలు తీసి, ఒకే రంగున్న రెండు గాడుల్లో కొత్తవి జంటగా పెట్టు. జంటగా ఉంటే ఒకేసారి ఇద్దరు గుడ్డ అందిస్తున్నట్టు. టక్‌మనేదాకా నొక్కు. భయపడి సగం నొక్కితే పనిచెయ్యదు.

తర్వాత ఎలా నడుస్తోందో రాయి. వంకలు కూడా రాయి.

మరదలు


కుట్టు దుకాణం, మేడ మీది గది
మంగళవారం, త్వరిత తపాలా

మరదలికి,

పెట్టాను. మీ అన్నయ్య బొత్తాలకని బజారుకి వెళ్లారు. ఆయన బొత్తాలకి వెళితే నాకు ఇంకో సంసారం చేసుకునేంత టైముంటుంది. ప్రతి బొత్తాన్నీ గోటితో కొట్టి వింటారు కదా. బల్ల కాలు పట్టుకున్నాను. అప్పుడే పక్కింటావిడ వచ్చి, "ఏమైందమ్మా, బల్లని పట్టుకుని అలా నిలబడ్డావు?" అని అడిగింది. నడుము నొప్పి అన్నాను. మందు చెప్పి వెళ్లింది. తర్వాత పట్టీలు నొక్కాను, టక్‌మన్నాయి.

ఆ రోజు నీకు ఉత్తరం రాద్దామని కాగితం తీసేలోపే పైజామా తెరుచుకుంది. దట్టీ తెరుచుకుంది. కవచం తెరుచుకుంది. మీ అన్నయ్య బొత్తాలతో వచ్చి, సాయంత్రం దాకా ఆపకుండా సైన్యంలో సగం మందిని కత్తిరించారు. ఏమైందని అడగలేదు. ఈల వేశారు. ఆ ఈల విని ఎన్నాళ్లయిందో.

మర్నాడు పొద్దున కూడా పరుగెత్తింది. కాఫీ తాగి వచ్చేసరికి నడిచింది. మధ్యాహ్నానికి పాకింది. ఆ మర్నాడూ అంతే. దీపం మాత్రం నిలకడగా ఉంది, ఎలుక చప్పుడు లేదు. బల్ల మీద చోటుంది, నిచ్చెన ఎవరూ ఎక్కడం లేదు, అయినా పని సాగడం లేదు.

నిన్న మీ అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి, "ఆ ఇంజనీరు గారి మాటే నిజం. దండగే కొన్నాను" అన్నారు. కోపంగా అంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. మామూలుగా అన్నారు. మెళ్లో టేపు తీసి, చుట్టి, సొరుగులో పెట్టారు. పెళ్లయిన నాటి నుంచీ పడుకునే ముందు తప్ప ఆయన మెడ ఖాళీగా ఉండటం నేను చూడలేదు. ఈ శుక్రవారం ఫ్యాక్టరీకి వెళ్లి మాట్లాడి వస్తారట.

నాకు భయంగా ఉంది. మంచిదే అని నువ్వు రాయకపోయినా సరే, ఎందుకిలా అవుతోందో చెప్పు.

వదిన

కోటు సంగతి అడిగాను. జవాబు లేదు. గుర్తుంది.


మిషన్ల హాలు పక్కన భోజనాల గది
బుధవారం, త్వరిత తపాలా

వదినా,

అన్నయ్య నా మాట నిజమని ఒప్పుకోవడం నాకు బొత్తిగా నచ్చలేదు. చిన్నప్పటి నుంచీ నాతో ప్రతిదానికీ వాదించిన మనిషి. ఇలా ఓడిపోయి మాట్లాడాడంటే నాకు ముద్ద దిగలేదు. శుక్రవారం ఎలాగైనా ఆపు. కాలు బెణికిందని పడుకో, మేనేజర్ని పిలిపించు, ఏదైనా చెయ్యి.

నువ్వు చెప్పింది పదిసార్లు చదివాను. బల్ల బాగుంది, అటక గొడవ లేదు. ముందు పరుగెత్తి తర్వాత పాకుతోంది. అంటే చెయ్యే నెమ్మదిస్తోంది. కొత్త చెయ్యి, అలసట ఎరగనిది, ఎందుకు నెమ్మదిస్తుంది? వీటికి జవాబు రాయి.

ప్రాసెసర్ జోరు చూపించే తెర ఒకటుంటుంది, ఎలా తెరవాలో వెనక రాశాను. పొద్దున ఒకసారి, పాకేటప్పుడు ఒకసారి అంకె చూడు. లోపల పంకా తిరుగుతున్న చప్పుడు వస్తోందా? కుట్టు దుకాణమంటే నూలు పోగులూ దుమ్మూ ఉంటాయి, అవి పంకాకి పట్టేసి ఉండొచ్చు. ఎప్పుడైనా దులిపారా?

చివరిది. ఆ పెట్టె ఎక్కడుందో, ఎలా ఉందో, నేను ఎప్పుడూ చూడలేదనుకుని రాయి. చిన్న విషయమని ఏదీ వదలకు.

టపా వెళ్లిపోతుంది, ఉంటాను.

మరదలు


కుట్టు దుకాణం, మేడ మీది గది
శుక్రవారం

మరదలికి,

కాలు బెణికింది. ఏ కాలో మధ్యలో మరిచిపోయాను కానీ మీ అన్నయ్య గమనించలేదు. ఫ్యాక్టరీ ప్రయాణం వచ్చే వారానికి వాయిదా పడింది.

పొద్దున అంకె నాలుగుకి దగ్గరగా ఉంది. పాకేటప్పుడు ఒకటి దాటలేదు. పంకా తిరుగుతోంది, కానీ ఎక్కడో పక్కవీధిలో తిరుగుతున్నట్టు వినపడుతోంది.

దుమ్మా? మా ఇంట్లోనా? నా మొహం మీదే ఆ మాట అంటే ఊరుకునేదాన్ని కాదు. పట్టీలు పెట్టిన రోజు లోపలంతా చూశాను, ఒక్క పోగు లేదు, ఒక్క నలుసు లేదు. అద్దంలా ఉంది.

ఇక పెట్టె వర్ణన. నువ్వు అడగబట్టి రాస్తున్నాను, ఇందులో రాయడానికేముంది. కిటికీ పక్క చిన్న బల్ల మీద ఉంటుంది. ముదురు నీలం రంగు తొడుగు, లోపల దూది, పైన గళ్లు గళ్లుగా కుట్టు. నాలుగు వైపులా కొలత పట్టినట్టు అతుక్కుని ఉంటుంది, ఎక్కడా ముడత లేదు. తీగలు బయటికి రావడానికి వెనక కాజాలు, ఒక్కోదానికీ చుట్టూ దారపు కుట్టు. మీట నొక్కడానికి ముందు చిన్న రెప్ప, దానికో బొత్తాం. దీపం కనపడటానికి ప్లాస్టిక్ కిటికీ. విప్పే పనే లేకుండా కుట్టారు. పట్టీలు పెట్టిన రోజు నేను విప్పానా, మళ్లీ తొడగడం చేతకాలేదు. సాయంత్రం పనయ్యాక ఆయనే చూసి, "ఎవరు విప్పారు?" అని గొణుక్కుంటూ తొడిగారు.

ఆ గుడ్డ నువ్వెరుగుదువు. నీ కోటులో మిగిలిందే. నువ్వు ఆ రోజు గొడవపడి చెప్పులేసుకుంటూ, "కనీసం దుమ్మయినా పడకుండా చూసుకో అన్నయ్యా" అన్నావు. మర్నాడే కూర్చుని కుట్టారు. "దూది ఎందుకండీ, దుమ్ముకి మామూలు గుడ్డ చాలదా?" అని అడిగాను. "ఆ ఇంజనీరు గారుండే హాలులో వేసవిలో కూడా చలట. మిషన్ల కోసమే అంత చల్లగా ఉంచుతారట. మనిషి కోటు వేసుకుంటుంది, పాపం మిషన్ల గతేమిటి? ఇదీ ఆ జాతిదే కదా" అన్నారు.

ఇంతే పెట్టె. ఇందులో పనికొచ్చేది ఏమీ ఉండదని తెలుసు.

వదిన


మిషన్ల హాలు పక్కన భోజనాల గది
సోమవారం

వదినా,

ఇన్ని ఉత్తరాల్లో ఈ తొడుగు మాట ఒక్కసారైనా రాశావా? నువ్వనే మాట నాకు తెలుసు. దిండుకి గలీబు ఉందని ఉత్తరంలో ఎవరు రాస్తారు అంటావు. నిజమే, ఎవరూ రాయరు.

మిషన్ల కోసం హాలు చల్లగా ఉంచుతారని అన్నయ్యకి చెప్పింది నేనే. ఎందుకో చెప్పలేదు. వాటికి చలి వేసి కాదు, వేడెక్కుతాయని. పనిచేసే ప్రాసెసర్ పొయ్యి మీద పెనంలా కాలుతుంది. ముందు నుంచి చల్లగాలి రావాలి, పంకా ఆ వేడిని వెనక నుంచి తోసెయ్యాలి. గాలి ఆడకపోతే ప్రాసెసర్ ఒళ్లు కాలిపోకుండా తన జోరు తనే తగ్గించుకుంటుంది. పొద్దున చల్లగా ఉంటుంది కాబట్టి పరుగెత్తుతుంది. కాఫీ తాగేసరికి తొడుగులో ఉక్కిరిబిక్కిరవుతుంది. పట్టీలు పెట్టిన రోజు సాయంత్రం దాకా ఎందుకు ఆడిందో అర్థమైందా? ఆ రోజు తొడుగు లేదు.

నేను కొలవకుండా చెప్పనని నీకు తెలుసు కదా. మా హాలులో అదే రకం ప్రాసెసర్ ఉన్న మిషన్ ఒకటుంది. దానికి నా కోటు తొడిగి, బొత్తాలు పెట్టి, పని అప్పజెప్పి పక్కన కూర్చున్నాను. మా హాలు పెద్దాయన అటు వచ్చాడు. కోటు వేసుకున్న మిషన్నీ, వణుకుతున్న నన్నూ చూశాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మా అన్నయ్య కుట్టిన కోటండీ. సరిపోయిందో లేదో చూస్తున్నాను."

"సరిపోయిందా?"

"బాగా సరిపోయిందండీ. అదే చిక్కు."

ఆయన కాసేపు నిలబడి అంకె పడిపోవడం చూసి వెళ్లిపోయాడు. నాలుగు నుంచి ఒకటికి వచ్చింది. కోటు విప్పితే మళ్లీ లేచింది. మీ ఇంట్లో జరిగిందే ఇక్కడా జరిగింది.

వదినా, ఇన్నాళ్లూ అన్నయ్య నా మాట ఒక్కటీ వినడని ఉడుక్కున్నాను. ఒకటి విన్నాడు. దూది పెట్టి, కాజాలు కుట్టి, దీపానికి కిటికీ పెట్టి మరీ విన్నాడు. అది మళ్లీ చదివి భోజనాల గదిలో అందరి ముందూ ఏడ్చాను. ముక్కు తుడుచుకోడానికి కోటు కూడా లేదు, మిషన్‌కి ఉంది.

ఆ తొడుగు విప్పాలి. అన్నయ్యతో ఎలా చెబుతావో నీ ఇష్టం. 'తప్పు' అన్న మాట మాత్రం వాడకు. ఆ కుట్టులో తప్పు లేదు.

మరదలు


కుట్టు దుకాణం, మేడ మీది గది
గురువారం

మరదలికి,

చెప్పాను. ముందు బల్ల సంగతి, అటక సంగతి చెప్పి, పెదవుల మధ్య సూదుల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఈ మాటలు నీవి కావు. ఇది దాని నోట్లోంచి వచ్చింది" అన్నారు. ఇక దాచలేదు, అంతా చెప్పేశాను. నీ కోటు మిషన్‌కి తొడిగిన సంగతి కూడా.

ఆయన తొడుగు విప్పి, పెట్టె మీద చెయ్యి పెట్టి చూశారు. జ్వరమొచ్చిన పిల్లల నుదురు పట్టుకున్నట్టు కాసేపు అలాగే ఉంచారు. "పాపం, ఇన్నాళ్లూ దీన్ని ఇలా ఉడికించానా" అన్నారు. చల్లారేదాకా పక్కనే కూర్చున్నారు.

కత్తెర ఇచ్చి, గాలి ఆడేచోట కోసెయ్యమన్నాను. కుట్టిన బట్టకి కత్తెర పెట్టే మనిషి కాదు కదా, నా వైపు అదోలా చూశారు. బ్లేడు తీసుకుని ఒక్కో కుట్టూ విప్పడం మొదలుపెట్టారు. అక్కడ వల గుడ్డ వేస్తారట. "గాలి ఎటు వస్తుంది, ఎటు పోతుంది?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "అయితే అడిగి రాయి" అన్నారు. నా చేతికి పనుంది, మీరే రాయండి అన్నాను. వెనకవైపు కుట్లన్నీ విప్పేశారు. తర్వాత కాగితం అడిగారు.

నిన్న ఫ్యాక్టరీకి వెళ్లాల్సిన రోజు. వెళ్లలేదు, వల గుడ్డకని బజారుకి వెళ్లారు. టేపు సొరుగులో లేదు, చూశాను. కంప్యూటర్ మధ్యాహ్నం కూడా పరుగెడుతోంది. కాబట్టి ఇక మీదట నీకు ఉత్తరాలు రాసే తీరిక ఉండదు. ఫోన్ చెయ్యి, మిషన్ జోరు ఎవరూ పెంచరు.

వదిన

(కింద వేరే చేతిరాత)

టేపూ,

గాలి ఎటు నుంచి లోపలికి వస్తుంది, ఎటు నుంచి బయటికి పోతుంది? ఎత్తు, వెడల్పు సరిగ్గా రాయి. అది తెలియకుండా నేను వల వెయ్యను.

అన్నయ్య


మిషన్ల హాలు పక్కన భోజనాల గది
శనివారం

అన్నయ్యా,

గాలి ముందువైపు కింది సగం నుంచి లోపలికి వస్తుంది. వెనకవైపు పై భాగం నుంచి బయటికి పోతుంది. కొలతలతో బొమ్మ వేసి వెనక పెట్టాను. ముందు పల్చటి వల వెయ్యి, దుమ్ము పట్టేది అక్కడే కాబట్టి విప్పి ఉతకడానికి వీలుగా బొత్తాలు పెట్టు. వెనక ఏమీ వద్దు, వదిలెయ్. పక్కలకి కూడా దూది తీసేసి ఒంటి పొర గుడ్డే ఉంచు. ముందు రెప్పా, దీపం కిటికీ అలాగే ఉండనీ. అలాంటివి మా హాలులో ఏ మిషన్‌కీ లేవు.

ప్రాసెసర్ సంగతి. కోటు తొడిగీ కొలిచాను, విప్పీ కొలిచాను. మంచిది అన్నయ్యా. నీ అలక తీర్చడానికి అనడం లేదు, ఇక్కడ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ముందు ఇరుకు బల్ల మీద, తర్వాత దుప్పటిలో, నువ్వు దాని చేత ఒక సైన్యాన్ని కత్తిరింపించావు. నీ పాతదైతే ఎప్పుడో చేతులెత్తేసేది. ఆ రోజు నేను బల్లని కొలిచి చెయ్యిని తిట్టాను. మేనేజర్ మళ్లీ వస్తే ఈ ఉత్తరం అతని ముందే చదువు.

దీనితో పాటు కోటు పంపుతున్నాను. ఎడమ భుజం దగ్గర కుట్టు విడిపోయి చాలా కాలమైంది. వదిన అడిగినప్పుడల్లా జవాబు చెప్పనిది అందుకే. ఇక్కడ కుట్టేవాళ్లు వీధికొకరున్నారు, ఎవరికీ ఇవ్వలేదు. సైన్యం పని పూర్తయ్యాకే చూడు, తొందరేమీ లేదు. ఈ హాలులో ఏడాది పొడుగునా చలే.

టేపు